అత్తగారి ఫోల్డరూ, పెద్దల్లుడి ద్వినక్షత్రాస్త్రమూ

ఓ విద్యుద్దేవతా! మీట నొక్కగానే వచ్చి, పని సగంలో ఉండగా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయే చంచలస్వభావా! ఈ ఒక్క పగటిపూట, పదకొండు గంటలు మొదలుకొని మూడున్నర దాకా, మా కథానాయకుడి కంప్యూటరును విడవక కనిపెట్టుకొని ఉండుము. ఆపైన నీ ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చు, అడిగేవాడు లేడు. ఓ శ్రోతలారా! కత్తులు ఖణఖణలాడిన గాథలు మీరు చాలా విని ఉంటారు. కీబోర్డు టకటకలాడిన గాథ ఇప్పుడు వినుడు. ఇందులో రక్తం ఒక్క చుక్కయినా కారదు. చెమట మాత్రం ధారాళంగా కారింది.

వాన వెలిసిన ఒక మంగళవారం ఉదయాన, కళ్ళజోళ్ళ దుకాణానికి సరిగ్గా పైన, మెట్లెక్కేవాడి తల చివరి మలుపులో గోడకు తగిలి తీరే రెండో అంతస్తులో, నాలుగు బల్లలనూ ఐదు కుర్చీలనూ ఒక ముసలి ఫ్యానునూ ఏకచ్ఛత్రంగా ఏలుతున్న దంతవైద్య సాఫ్ట్‌వేర్ సామ్రాజ్య చక్రవర్తి, పళ్ళడాక్టర్ల అపాయింట్‌మెంట్లను తొలిసారి కంప్యూటరులో బంధించిన ఆదిపురుషుడు, మామగారు, గోడగడియారం వైపొకసారి, పెద్దల్లుడి వైపొకసారి చూసి గొంతు సవరించుకున్నారు.

ఆ సామ్రాజ్యంలో ఉద్యోగులంటూ ఎవరూ లేరు, అందరూ చుట్టాలే. మామగారు చక్రవర్తి. గుమ్మం దగ్గరి బల్ల వెనక కూర్చొని ఫోన్లెత్తే అత్తగారు, చక్రవర్తికి కూడా సెలవు మంజూరు చేసే అధికారం గల మహారాజ్ఞి. జావా భాషలో ప్రోగ్రాములు రాసే పెద్దల్లుడు మన కథానాయకుడు. ఆరు నెలల కిందట చిన్న కూతుర్ని పెళ్ళాడి, చెవులకు హెడ్‌ఫోన్లతో సహా వచ్చి చేరిన చిన్నల్లుడు అతడి తోడల్లుడు, మరియు అతడి కంటిలో నలుసు.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు. "మూడింటికి, మన ప్రోగ్రాము కొనబోయే ఆస్పత్రివాళ్ళ ఆవిడ వస్తారు. తన లాప్‌టాప్ తనే తెచ్చుకుంటారట. మన ఫైళ్ళు అందులో ఎక్కించుకుని, తనే బిల్డ్ చేసి చూస్తారట. అయితే సరే."

"కాకపోతేనో మామయ్యగారూ?"

"కాకపోతే ఈ కుర్చీ చిన్నల్లుడుగారికి ఇచ్చి, మీరు మళ్ళీ ఊళ్ళు తిరగాలి."

"అయితే?"

"అయితే చిన్నల్లుడుగారు తిరుగుతారు. ఎవరో ఒకరు తిరగాలి కదండీ."

అల్లుడికి మర్యాద తగ్గకుండా, ప్రతి మాటకూ గారు తగిలించి గండం వినిపించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఊళ్ళు తిరగడమంటే ఏమిటో ఆ గదిలో ఒక్క పెద్దల్లుడికే తెలుసు. ఆరేళ్ళు తిరిగాడు. నెలకు ఇరవై రోజులు బస్టాండు బల్లల మీద, మూత బిగుసుకున్న నీళ్ళ సీసాతో, లాడ్జి గదుల తడి తువ్వాళ్ళ వాసనతో, ఊరూరా పళ్ళడాక్టర్ల దగ్గర ప్రోగ్రాము ఎక్కించి, రిసెప్షన్ అమ్మాయిలకు మీటలు నేర్పి వచ్చాడు. ఒకసారి ఇల్లు చేరి తలుపు తడితే, మూడేళ్ళ కూతురు తలుపు తీసి, పైనుంచి కింది దాకా చూసి, "అమ్మా, బస్సాయన వచ్చాడు," అని లోపలికి కేకేసింది. ఆ మాటకు అతడు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆపైన ఏడాది పాటు మామగారి చుట్టూ తిరిగి ఈ కుర్చీ సంపాదించుకున్నాడు. ఆ కుర్చీకి ఒక చక్రం లేదు, అయినా అతడి దృష్టిలో అది సింహాసనమే.

"ఓ మామకులతిలకమా! దంతిదంతాల వంటి దంతాలను లెక్కించిన ధీమంతుడా! ఈ ముక్కాలి సింహాసనాన్ని ఈ కంఠంలో ప్రాణముండగా వదలను. మూడు గంటలు కొట్టేలోగా కంపైలరును మోకరిల్లజేసి, బిల్డ్ అనే కోట మీద పచ్చజెండా ఎగరేయకపోతే, ఈ కీబోర్డును మళ్ళీ ముట్టను!" అని దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాలని అతడి మనసు ఉవ్విళ్ళూరింది. నోరు మాత్రం, "అలాగే మామయ్యగారూ," అంది.

శ్రోతలలో ఈ విద్య ఎరుగనివారు ఉంటారు గనుక ఒక మాట. రాసిన ఫైళ్ళన్నిటినీ కంపైలర్ అనే నిర్దాక్షిణ్య తనిఖీదారు అక్షరం అక్షరం చదివి, ఒక్క సెమికోలన్ తగ్గినా మొహం మీద విసిరికొట్టి, అన్నీ సలక్షణంగా ఉంటేనే కలిపి ఒక్క మూటగా కట్టి ఇచ్చే క్రతువుకు బిల్డ్ అని పేరు. ఆ క్రతువు ఈ సామ్రాజ్యంలో కష్టం కావడానికి కారణం చక్రవర్తి వేసిన ఒక శాసనం: ఎవరు రాసింది ఎవరూ చెరపరాదు. ఆయన కుర్రతనంలో చేసిన తొలి ఉద్యోగంలో, ఆయన రాసిన ప్రోగ్రామును ఎవరో చెత్త అనుకొని తుడిచేశారట. నాటి నుంచి చెరపడం అనే మాట వింటే ఆయన చెవులు ఎర్రబడతాయి. పర్యవసానంగా, ఈ ప్రాజెక్టును ఒక్కసారైనా ముట్టుకున్న ప్రతి చుట్టానికీ అందులో ఒక ఫోల్డరు ఉంది, ఆ చుట్టం పోయినా ఫోల్డరు పోలేదు.

అన్నిటిలోకీ దుర్భేద్యమైనది అత్తగారి ఫోల్డరు. పదిహేనేళ్ళ కిందట భార్యకు కంప్యూటరు నేర్పుతూ మామగారు, ఫైలు పేరు చివర చుక్క పెట్టి జావా అని రాయకపోతే అది దాచుకోదని చెప్పారు. ఆయనకు తెలిసిన ఫైళ్ళు అవే మరి. పతివాక్యాన్ని ఆవిడ పాటించిన సందర్భం అదొక్కటే, కానీ నిష్ఠగా పాటించారు. తన పదిహేనేళ్ళ బీపీ లెక్కలు, ఇస్త్రీకి వెళ్ళి తిరిగిరాని బట్టల జాబితాలు, ఏ చుట్టం ఏ పెళ్ళిలో తనను ఏమన్నదీ తేదీలతో సహా, అన్నిటినీ చివర జావా తగిలించి ప్రాజెక్టులోనే దాచుకున్నారు. కంపైలరు అవి కూడా ప్రోగ్రాములే అనుకొని చదవబోతుంది. చదివి పిచ్చెక్కిపోతుంది.

ఇన్నాళ్ళూ మన కథానాయకుడు ఈ ఉపద్రవం నుంచి ఎలా తప్పించుకున్నాడంటే, తన కంప్యూటరులో ఆ ఫోల్డర్ల మీద మౌసు కుడి మీట నొక్కి, మినహాయించు అన్న మాట మీద మరోసారి నొక్కి, చేతులు దులుపుకొని కూర్చున్నాడు. అతడి యంత్రంలో బిల్డ్ పువ్వులా జరిగిపోయేది. ఆ మినహాయింపు అతడి యంత్రానికి మాత్రమే తెలుసుననీ, ప్రాజెక్టుతో పాటు ప్రయాణం చేసే బిల్డ్ ఫైలులో రాయనిదే మరో యంత్రానికి ఆ సంగతి తెలియదనీ అతడికీ తెలుసు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూ ఏడాది గడిపాడు. ఆ రేపు ఈ మంగళవారం పదకొండు గంటలకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

అతడు మూలన దుమ్ముపట్టి ఉన్న ఖాళీ కంప్యూటరును తుడిచి, ప్రాజెక్టును కొత్తగా దింపి, బిల్డ్ మీట నొక్కాడు.

అంతట! ఎర్రటి అక్షరాలు కట్టలు తెంచుకొని, తెరనిండా, వరుస మీద వరుసగా, రథగజతురగపదాతులై విరుచుకుపడ్డాయి. నూట నలభై బై తొంభై దగ్గర సెమికోలన్ లేదంటుందొకటి. పెదబాబు పెళ్ళిలో వియ్యపురాలు మూతి తిప్పింది అన్న చోట, మూతి అనే పదం తనకు తెలియదని మొరపెట్టుకుంటుంది మరొకటి. నూరు తప్పులు చెప్పి కంపైలరు రొప్పుతూ ఆగిపోయింది.

"నూరే కదా," అని అతడు ధైర్యం తెచ్చుకున్నాడు. బిల్డ్ ఫైలును తెరిచి, వేళ్ళు విరుచుకొని, అత్తగారి ఫోల్డరు పేరు రాసి, గీటు పెట్టి, ఒక్క నక్షత్రం గుర్తును సంధించాడు. నక్షత్రమంటే ఆ భాషలో అన్నీ అని అర్థం. ఏకనక్షత్రాస్త్రం రివ్వున వెళ్ళింది. మీట నొక్కాడు. మళ్ళీ నూరు తప్పులు వచ్చాయి.

కళ్ళు నులుముకొని చూశాడు. ఒక నక్షత్రం ఒక్క అంతస్తునే కూల్చగలదు. అత్తగారి ఫోల్డరులో ఫోల్డర్లున్నాయి: బీపీ, పాత బీపీ, పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళలో మరీ పెద్ద గొడవలు. ఆ లోపలి గదుల్లోని సైన్యం చెక్కుచెదరలేదు. పైగా కంపైలరు నూరు దాటి లెక్కపెట్టదు గనుక, ముందు వరుస కూలగానే వెనక వరుస ముందుకొచ్చి నిలబడింది. అసలు ఎన్ని వేల తప్పులున్నాయో తెలుసుకునే ధైర్యం అతడికి లేకపోయింది.

అప్పుడు పూనాడు ద్వినక్షత్రాస్త్రాన్ని! ఎన్ని లోతులున్నా, ఎన్ని గదులున్నా, గదిలో గది ఉన్నా, కడగొట్టు చీకటి మూల దాకా దూరి అన్నిటినీ లెక్కలోంచి తప్పించే జంట నక్షత్రాలను అత్తగారి ఫోల్డరు మీద ఒకసారి, చిన్నల్లుడి ప్రయోగాలు అన్న ఫోల్డరు మీద మరొకసారి ప్రయోగించాడు. ఆ రెండో ప్రయోగం చేసేటప్పుడు అతడి పెదవుల మీద చిరునవ్వు మొలిచిందని చెప్పక తప్పదు. ఆ ఫోల్డరులో సగం రాసి వదిలేసిన ఫైళ్ళు నలభై ఒకటి ఉన్నాయి. ఒక దానిలో ప్రోగ్రాము బదులు చిన్నల్లుడు తన భార్యకు, అంటే మన కథానాయకుడి మరదలికి, పెళ్ళికి ముందు రాసుకున్న కవిత ఉంది.

మీట నొక్కాడు. నూరు ఏడయింది.

ఆ ఏడింటిలో మొదటిది చూడగానే అతడికి చెమటపట్టింది. అది మొదటిది అన్న పేరు గల ఫైలే. మామగారు స్వహస్తాలతో రాసిన తొలి ప్రోగ్రాము. ఆ రోజుల్లో మామూలుగా వాడుకున్న ఒక మాటను తరవాతి కాలంలో జావావాళ్ళు తమకే సొంతం చేసుకున్నారు, ఇప్పుడు ఆ మాట కనిపిస్తే కంపైలరు ఒప్పుకోదు. చెరపరాదు, మార్చరాదు. చక్రవర్తి తొలి కావ్యాన్ని మినహాయింపు జాబితాలో చేర్చడమంటే మాటలా? అతడు అటూ ఇటూ చూశాడు. మామగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కళ్ళజోడు మళ్ళీ ముక్కెక్కేలోగా ఆ ఫైలు పేరు రాసేశాడు. ఒక్క ఫైలే గనుక నక్షత్రం అవసరం లేదు, పేరు చాలు.

ఏడు ఆరయింది. ఆ ఆరూ ఒక్క ఫైలులోనివే, అదీ చిన్నల్లుడి ప్రయోగాలలోనిది.

అదెలా సాధ్యం? ఆ ఫోల్డరును సమూలంగా తప్పించాడు కదా. వరుసను చెరిపి మళ్ళీ రాశాడు. నక్షత్రాలు లెక్కపెట్టాడు. బిల్డ్ చేశాడు. ఆరు. గుమ్మంలోంచి గెంటినా వెనక వాకిలిలోంచి వచ్చి కూర్చునే చుట్టంలా ఆ ఫైలు మళ్ళీ మళ్ళీ ప్రత్యక్షమైంది. గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. మామగారు భోజనానికి లేస్తూ, "ఎంతవరకు వచ్చిందండీ?" అన్నారు. "అయిపోవచ్చిందండీ," అన్నాడతడు, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

తప్పించిన ఫైలును కంపైలరు మళ్ళీ వెతికి తెచ్చుకుందంటే కారణం ఒక్కటే. తప్పించని ఫైలు ఏదో దాన్ని పేరు పెట్టి పిలుస్తోంది. తప్పించాం గదా అని కంపైలరు ఊరుకోదు, పిలిచినవాడి కోసం వెళ్ళి తీసుకువస్తుంది. ఎవడా ఇంటిదొంగ అని పెద్దల్లుడు ఆగ్రహోదగ్రుడై ప్రాజెక్టంతా గాలించాడు. దొరికింది. అపాయింట్‌మెంట్ల తెర ఫైలులో, ఇరవై రెండో వరుసలో ఉంది. ఆ ఫైలు రాసింది ఎవరో కాదు, తనే.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలల కిందట, డాక్టర్ల సెలవులన్నీ తప్పించి రోగికి తరవాతి ఖాళీ రోజు చూపించే ముక్క రాయలేక నాలుగు రోజులు తల బాదుకున్నాడు. సోమవారం సెలవైతే మంగళవారం చూపాలి, మంగళవారం డాక్టరుగారి తోడికోడలి గృహప్రవేశమైతే బుధవారం చూపాలి, బుధవారం సగం రోజే అయితే ఏం చేయాలి? ఏమీ తోచక, వెక్కిరించడానికని చిన్నల్లుడి ఫోల్డరు తెరిచి చూస్తే, ఆ పని అక్కడ అరవై వరుసల్లో ముత్యాల్లా అమరి ఉంది. ఎవరికీ చెప్పకుండా వాడుకున్నాడు. తరవాత ఆ ఫోల్డరును తన యంత్రంలో మినహాయించినా, అంతకుముందే తయారైన ముక్క లోపల మిగిలిపోయి ఇన్నాళ్ళూ పనిచేస్తూ వచ్చింది. ఈలోగా చిన్నల్లుడు ఆ ఫైలును ఏదో మార్చబోయి సగంలో వదిలేశాడు.

ఇప్పుడేం చేయాలి? ఆ వరుస తీసేస్తే రోగులకు సెలవురోజే అపాయింట్‌మెంటు దొరుకుతుంది, పంటి నొప్పితో వచ్చినవాడు తాళాన్ని చూసి వెళ్ళాలి. ఆస్పత్రి ఆవిడ మొట్టమొదట చూసేది అదే. చిన్నల్లుణ్ణి అడిగితే, తను మూడు నెలలుగా అతడి రాత మీద బతుకుతున్న సంగతి బయటపడుతుంది. మూడో దారి ఒకటుంది. చిన్నల్లుడు మార్చకముందటి పాత ప్రతి, ఏదీ చెరపని ఈ సామ్రాజ్యంలో, ఎలాగూ దొరుకుతుంది. దాన్ని తన ఫోల్డరులోకి దించి పేరు మార్చేస్తే సరి. చిన్నల్లుడి ఫోల్డరు పూర్తిగా లెక్క తప్పుతుంది, బిల్డ్ జరుగుతుంది, చిన్నల్లుడు బస్సెక్కుతాడు. బస్సెక్కితే రెండో స్టాపు దాటకుండానే అతడికి కడుపులో తిప్పుతుందనీ, పెళ్ళికి వచ్చిన రోజున కూడా మొహం ఆకుపచ్చగా పెట్టుకునే దిగాడనీ అందరికీ తెలుసు. తిప్పితే తిప్పనీ. ఆరేళ్ళు తనకు తిప్పలేదా?

ఫైలు దించాడు. పై వరుసలో ఉన్న పేరు తీసేసి, రచన అని రాసి, పక్కన తన పేరు పెట్టాడు. అప్పుడు గడియారంలో రెండూ పది.

"ఇదేంటి బాబూ, ఇక్కడ నా ఫోల్డరు పేరుంది?"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నం బీపీ చూసుకొని, చేతికి పట్టీ ఇంకా తీయకుండానే, ఆ లెక్క ఎక్కించడానికి వచ్చిన అత్తగారు పక్క తెర మీది బిల్డ్ ఫైలును వేలితో చూపిస్తున్నారు.

"ఏం లేదత్తయ్యగారూ. బిల్డ్‌లో కలవకుండా..."

"చెరిపేశారా?"

"అయ్యయ్యో, లేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి. లెక్కలోకి రావు, అంతే."

"పదిహేనేళ్ళ బీపీ. లెక్కలోకి రాదా?"

"కంప్యూటరు లెక్కలోకి అండీ. మన లెక్కలోకి కాదు."

"ఇంట్లోనే ఉంచుతారు, లేనట్టు చూస్తారు. అంతేగా? దానికంటే చెరిపేస్తేనే నయం కదండీ," అని ఆవిడ పట్టీ చర్రున లాగి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ మాట సూటిగా వచ్చి అతడికి తగిలింది. ఆరేళ్ళూ అతడి చెప్పుల జత గుమ్మంలోనే ఉండేది, తలుపు మీద అతడి పేరుండేది, ఇంట్లో మాత్రం అతడు లెక్కలో లేడు. పాలవాడు ఎన్ని పాకెట్లని అడిగినా, వారాంతంలో ఎక్కడికి వెళ్దామని అనుకున్నా, అతణ్ణి వదిలేసి లెక్కేసుకునేవారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అలా అలవాటైపోయింది, అంతే. అది ఎంత బాధో తెలిసినవాడే ఇప్పుడు మరొకడు రాసింది వాడుకొని, వాణ్ణి తప్పించి, తన పేరు పెట్టుకున్నాడు. అతడికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పేరును ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపి, దించిన ప్రతిని దాచుకోకుండానే మూసేశాడు. ఆ సామ్రాజ్యంలో చక్రవర్తి శాసనాన్ని మీరి మంచి పని జరిగింది ఆ ఒక్కసారే.

అంతట వీరుడు తన ముక్కాలి సింహాసనం నుంచి లేచి, శత్రుశిబిరమైన కిటికీ పక్కబల్ల దాకా నాలుగడుగులు నడిచాడు. ఆ నాలుగడుగులు నడవడానికి అతడికి ఆరు నెలలు పట్టింది.

"తమ్ముడూ."

చిన్నల్లుడు హెడ్‌ఫోన్లు తీశాడు. అన్నయ్య తనంతట తను వచ్చి మాట్లాడటం ఇదే మొదలు గనుక, కంగారుగా లేచి నిలబడ్డాడు కూడా. "ఏంటన్నయ్యా? నా వల్ల ఏమైనా చెడిందా?"

"ఆ సెలవుల ఫైలు ఉంది చూడు, నీ ప్రయోగాల్లో. అది నేను వాడుకుంటున్నాను. మూడు నెలల నుంచి. నీకు చెప్పలేదు."

చిన్నల్లుడు హెడ్‌ఫోన్లను బల్ల మీద పెట్టాడు. "అది పనికొచ్చిందా?" అన్నాడు.

"అది లేకపోతే మన తెర పనిచేయదు."

"నిజంగానా అన్నయ్యా? ఇక్కడ నా ఫైలు ఒక్కటీ ఎవరూ తెరిచి చూడరనుకున్నాను. కవిత తప్ప. అది మామయ్యగారు చదివారు."

"ఇప్పుడు విరిగి ఉందిరా. ఆరు తప్పులొస్తున్నాయి. గంటలో ఆవిడ వస్తుంది."

చిన్నల్లుడు ఫైలు తెరిచాడు. "నిన్న మధ్యాహ్నం సగం రోజు సెలవుల సంగతి సరిచేస్తూ, ఫోనొస్తే లేచాను. బ్రాకెట్టు మూయలేదు," అని ఒక్క మీట నొక్కాడు. ఆరు తప్పులకూ మూలం ఆ ఒక్క బ్రాకెట్టే. అది మూసుకోగానే ఆరు తలలూ ఒక్కసారే రాలాయి. ఆ తరవాత ఇద్దరూ తలలు దగ్గర పెట్టి, ఆ ఒక్క ఫైలును ప్రయోగాల్లోంచి తీసి అసలు ఫోల్డరులో పెట్టారు. పైన చిన్నల్లుడి పేరు ఉంచారు. మిగిలిన నలభైని, కవితతో సహా, జంట నక్షత్రాల వెనక ఉండనిచ్చారు.

చివరగా పెద్దల్లుడు, అత్తగారి వరుసకు పైన, కంపైలరు చదవని, మనుషులు మాత్రమే చదివే ఒక వ్యాఖ్య రాశాడు: ఇవి అత్తయ్యగారి రాతలు, చెరపరాదు, జరపరాదు, ఆవిడను అడగకుండా ఎవరూ తెరవరాదు. రాసి, ఆవిణ్ణి పిలిచి చూపించాడు. ఆవిడ రెండుసార్లు చదివారు. "ఆయన కూడా తెరవకూడదని రాయండి," అన్నారు. రాశాడు.

మూడు కొట్టింది. ఆస్పత్రి ఆవిడ మెట్ల మలుపులో తల తగిలించుకొని, నుదురు రుద్దుకుంటూ వచ్చి, లాప్‌టాప్ తెరిచి, ప్రాజెక్టు దింపుకొని, ఏ భావమూ లేకుండా మీట నొక్కింది. గదిలో ఊపిరులు స్తంభించాయి. ఫ్యాను కూడా ఒక చుట్టు మానేసిందని కొందరంటారు. పెద్దల్లుడు బల్ల అంచు పట్టుకున్నాడు. తెర మీద అక్షరాలు పాకుతున్నాయి, పాకుతున్నాయి, ఆగాయి, మళ్ళీ పాకాయి, అంతలో...

బిల్డ్ సక్సెస్‌ఫుల్!

పుష్పవృష్టి కురవలేదు. "ఊఁ," అందావిడ. అంతే. తరవాత అపాయింట్‌మెంట్ల తెర తెరిచి సెలవులు మార్చి మార్చి చూసింది. ఈసారి కళ్ళు కాస్త పెద్దవయ్యాయి. "సగం రోజు సెలవులు కూడా పట్టుకుంటోందే. నేను చూసినవాటిలో ఎవరూ సరిగ్గా చేయలేదు ఇది. ఎవరు రాశారండీ?"

"ఇంకెవరండీ, మా పెద్దల్లుడుగారు," అన్నారు మామగారు ఛాతీ విరుచుకొని.

అవును అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటే కుర్చీ తనది, బస్సు చిన్నల్లుడిది. కిటికీ పక్కన చిన్నల్లుడు తల వంచుకొని హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకుంటున్నాడు.

"నేను కాదు మామయ్యగారూ. తమ్ముడు రాశాడు. నేను నాలుగు రోజులు కూర్చున్నా నాకు రాలేదు. ఇతను ఊళ్ళు తిరిగితే, రేపు ఇది చెడితే బాగుచేసేవాళ్ళు ఇక్కడ ఉండరు." ఆ మాటతో బస్సు ఎవరివైపు తిరిగిందో అతడికి తెలుసు.

ఆవిడ తలూపి, ఒక కాగితం మీద ఏదో రాసుకొని, వచ్చేవారం నుంచి వాడుకుంటామని చెప్పి, మెట్ల మలుపులో మళ్ళీ తల తగిలించుకొని వెళ్ళిపోయింది.

"అంతా బాగానే ఉంది," అన్నారు మామగారు గెడ్డం గోక్కుంటూ. "మరి ఊళ్ళు? చిన్నల్లుడుగారు ఇక్కడ ఉండాలంటే, పెద్దల్లుడుగారూ..."

"పెద్దల్లుడుగారెందుకు వెళ్ళాలి?" అంటూ అత్తగారు లేచి వచ్చి బిల్డ్ ఫైలు ముందు నిలబడ్డారు. "బిల్డ్ నడవడానికి ఎవరెవరు అక్కర్లేదో ఇందులో రాసి ఉందిగా. నా ఫోల్డరు. చిన్నల్లుడుగారి ప్రయోగాలు. ఇదేంటి, మొదటిది? ఇది మీదేగా?"

మామగారు కళ్ళజోడు సవరించుకొని ముందుకు వంగారు. తన తొలి కావ్యం పేరు మినహాయింపు జాబితాలో, నక్షత్రమైనా లేకుండా, ఒంటరిగా నిలబడి ఉంది. పెద్దల్లుడు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు.

"చెరపలేదు మామయ్యగారూ," అన్నాడు మెల్లగా.

"చెరపలేదులే," అన్నారు మామగారు, తెర మీది ఆ పేరును వేలితో తడిమి. కోపం వస్తుందనుకున్నవాళ్ళకు ఆయన గొంతులో దిగులు వినిపించింది. "ఇది నడవడం మానేసి ఎన్నాళ్ళయింది?"

"పాతికేళ్ళయి ఉంటుందండీ."

"ఒక్కరూ చెప్పలేదే."

"నేను లెక్క చూశాను," అన్నారు అత్తగారు. "ఈయనకి పదేళ్ళ నుంచి ఇక్కడ పనంటే గడియారం చూడటమే. ఊళ్ళు ఈయన తిరుగుతారు."

"నా మోకాళ్ళో?"

"బస్సులో కూర్చునేగా వెళ్తారు. డాక్టర్లందరికీ మీరంటే గౌరవం. ఆ రిసెప్షన్ అమ్మాయిలకు మీ మొదటి ప్రోగ్రాము కథ చెప్పండి, వాళ్ళింకా వినలేదు."

ఆ చివరి మాటకు చక్రవర్తి ముఖం నెమ్మదిగా వెలిగింది. వినని చెవులు ఊరూరా ఉన్నాయన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఆయనకు తట్టనే లేదు. "మొదటి బస్సు ఎన్నింటికండీ అల్లుడుగారూ?" అన్నారు. ఆరేళ్ళ అనుభవంతో, కిటికీ పక్క సీటు ఏ వైపు ఎండ తగలదో సహా, పెద్దల్లుడు వివరంగా చెప్పాడు.

ఈ గాథను భోజనమైన తరవాత కునుకు తీయకుండా విన్నవారి బ్రాకెట్లు మూసే ఉంటాయి. చదివినవారి యంత్రంలో నడిచింది పక్కవాడి యంత్రంలోనూ నడుస్తుంది. రేపు రాద్దామనుకొని వినేవారికి మాత్రం ఏ ఫలమూ లేదు. జయము! మూడు మినహాయింపు వరుసలు, నాలుగు నక్షత్రాలు, ఒక వ్యాఖ్య, మూసిన ఒక బ్రాకెట్టు గెలుచుకొని, ఒక్క ఫైలునూ చెరపకుండా, నాలుగు గంటల శత్రుసంహారం ముగించిన వీరుడికి జయము! మర్నాడు ఉదయం ఐదు కుర్చీల్లోకెల్లా పెద్దది, నాలుగు చక్రాలూ ఉన్నది, గడియారం ఎదుట ఖాళీగా కనిపించింది. పెద్దల్లుడు దాన్ని కిటికీ పక్కకు తోసుకుంటూ వెళ్ళి తమ్ముడికిచ్చి, తన ముక్కాలి కుర్చీని దాని పక్కనే వేసుకొని కూర్చున్నాడు.